ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్ పనికి వెళ్తున్నారా? శనివారం ఆ ఇంట్లో ఎలా మసలుకోవాలంటే

మన మహారాష్ట్రలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు నుంచి ఇజ్రాయెల్‌కు ముసలివాళ్లను చూసుకునే పనికి వెళ్దామనుకునేవాళ్లు జీతం ఎంత, గది ఇస్తారా, ఫోన్ ఎంతసేపు వాడుకోనిస్తారు అని అన్నీ అడుగుతారు గానీ శనివారం సంగతి అడగరు. అడగాల్సిన మొదటి ప్రశ్నే అది. ఆ ఇల్లు శబ్బాత్ (పని ముట్టని యూదుల వారపు విశ్రాంతి రోజు) పాటించే ఇల్లా, కాదా? యూదులందరూ పాటించరు, టెల్ అవీవ్‌లో చాలా ఇళ్లలో శనివారం కూడా టీవీ, కారు మామూలే. పాటించే ఇల్లయితే ఇది చదవండి.

శబ్బాత్ శుక్రవారం పొద్దు గూకడానికి కాస్త ముందు మొదలై శనివారం రాత్రి చుక్కలు పొడిచేదాకా ఉంటుంది, దాదాపు 25 గంటలు. ఆ సమయంలో 39 రకాల పనులు నిషేధం: నిప్పు రాజేయడం, ఆర్పడం, వండటం, రాయడం, కుట్టడం ఇలా. కరెంటు స్విచ్ వేయడం, తీయడం కూడా కూడదు. ఇది కొత్త విషయమేమీ కాదు, మన మహారాష్ట్రలోనే కొంకణ్ యూదులను ‘శనివార్ తేలి’ అనేవారు, శనివారం గానుగ ఆపేసే నూనె గాండ్లవాళ్లు కాబట్టి.

దీన్ని మన మడి లాంటిదనుకోకండి. మీరు తాకితే స్విచ్‌కో మంచానికో మైల అంటదు (వైన్ సీసా జోలికి మాత్రం వెళ్లొద్దు, దానికి వేరే నియమం ఉంది). పని చేయకూడదన్నది వాళ్లకు, మీకు కాదు.

‘అయితే నేనే అన్నీ చేసిపెడతాను, గొడవ లేదు’ అనుకుంటారు కదా, మెలిక అక్కడే ఉంది. తాను చేయకూడని పనిని యూదుడు కానివాడికి చెప్పి చేయించుకోకూడదని వాళ్ల రబ్బీలు (మతగురువులు) కట్టడి చేశారు. శుక్రవారమే ‘రేపు లైటు వెయ్యి’ అని చెప్పి ఉంచడమూ కుదరదు, శనివారం నాడు ‘రాత్రి శబ్బాత్ అయ్యాక ఫలానా పని చెయ్యి’ అని పురమాయించడమూ కుదరదు. ఎవరూ చెప్పకపోయినా వాళ్ల కోసమని మీరే చేసినా, శబ్బాత్ ముగిసి ఆ పనికి పట్టేంత సేపు గడిచేదాకా వాళ్లు దాన్ని వాడుకోకూడదు. అందుకే చీకటిపడి పుస్తకం చదవలేకపోతున్న కొడుకునో అల్లుడినో చూసి జాలిపడి టక్కున లైటు వేశారనుకోండి, ఆయన పుస్తకం మూసేస్తాడు, అది మీ మీద కోపం కాదు.

మీ అవసరం కోసం వేసుకుంటే మాత్రం లెక్క మారిపోతుంది. దాదాపు 1800 ఏళ్ల కిందటి వాళ్ల ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలోనే ఉంది: యూదుడు కానివాడు తన కోసం దీపం వెలిగించుకుంటే ఆ వెలుగు యూదుడూ వాడుకోవచ్చు, యూదుడి కోసమే వెలిగిస్తే కూడదు. వంటింట్లో గిన్నెలు కడగాలి, మీకు కనిపించడం లేదు, లైటు వేసుకున్నారు, పనయ్యాక అలాగే వదిలేసి వచ్చారు. ఎవరికీ ఇబ్బంది లేదు. ఓ చిన్న బల్బు ముందే వెలుగుతున్న గదిలో ఎవరైనా ‘ఈ వెలుతురు చాలడం లేదు’ అన్నారంటే అది ఆజ్ఞ కాదు, వట్టి మాట, మీరు అర్థం చేసుకుని ఇంకో లైటు వేయొచ్చు, వాళ్లూ వాడుకోవచ్చు. వినడానికి చుట్టుతిరుగుడుగా ఉంటుంది గానీ గీత ఎక్కడుందో చూసుకుని నడవడం ఆ చట్టం పద్ధతి. అమెరికా విదేశాంగ మంత్రిగా చేసిన కాలిన్ పావెల్ కూడా కుర్రాడిగా ఉన్నప్పుడు న్యూయార్క్‌లో యూదులకు ఇలా శనివారం లైట్లు వేసిపెట్టాడు.

ఇక మీ అసలు పని రోగితో కదా, అక్కడ ఇంత బెరుకు అక్కర్లేదు. ప్రాణాపాయం లేకపోయినా మంచాన పడ్డ మనిషి కోసం అయితే ఇంట్లోవాళ్లు మీకు నేరుగా చెప్పొచ్చు, లైటు వెయ్యి, వేణ్ణీళ్లు పెట్టు అని. పసిపిల్లల అవసరాలకూ అంతే. గట్టి చలి ఉంటే ‘చలి ముందు అందరూ రోగులే’ అనేది వాళ్ల సూత్రం, హీటర్ వేయమని అడగొచ్చు, జెరూసలేం చలికాలంలో అడుగుతారు కూడా. రోగి కోసం వేసిన లైటు వెలుగులో ఇంటిల్లిపాదీ కూర్చోవచ్చు, ఎందుకంటే ఒకరికి వెలిగించిన దీపం వందమందికీ చాలుతుంది. రోగి కోసం అప్పుడు వండింది మాత్రం బాగున్నవాళ్లు ఆ రోజు తినరు, వాళ్ల కోసం ఇంకాస్త ఎక్కువ వేస్తారేమోనని ఆ అడ్డు.

గుండె నొప్పి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా, ముసలావిడ కిందపడి లేవకపోయినా శబ్బాత్ లేదు, ఏమీ లేదు. ఇంట్లోవాళ్లే ఫోన్ చేయాలి, యూదుడు కానివాడి కోసం వెతకొద్దని వాళ్ల చట్టమే చెప్తుంది. ఇంట్లో మీరొక్కరే ఉంటే ఎవరి మాట కోసమూ ఎదురుచూడకండి, అంబులెన్స్ నంబర్ 101.

టెన్షన్ తగ్గాలంటే శుక్రవారం మధ్యాహ్నం పని సర్దుకోండి. ఫ్రిజ్ బల్బు తీసేశారో లేదో చూడండి, లేకపోతే వాళ్లు శనివారం తలుపు తీయలేరు. వంటలు వెచ్చగా ఉంచే ప్లాటా, లైట్ల టైమర్ పెట్టారా, వినికిడి మిషన్‌కు బ్యాటరీ ఉందా, రోగికి రాత్రి ఏమేం అవసరం పడొచ్చు, ఇవన్నీ అప్పుడే మాట్లాడుకోండి. జీతం డబ్బులు, సంతకాలు శనివారం అడగొద్దు, వాళ్లు డబ్బు, పెన్ను ముట్టుకోరు. సెలవు రోజు సంగతి కాంట్రాక్టులోనే రాయించుకోండి, యూదుడు కాని పనివాడు వారపు సెలవుగా శుక్ర, శని, ఆదివారాల్లో ఒకటి ఎంచుకోవచ్చు.

మీ అన్నం మీరు వండుకోవచ్చు, మీ గదిలో ఫోన్ చూసుకోవచ్చు. కాకపోతే మీ గిన్నె తీసుకెళ్లి వాళ్ల ప్లాటా మీద పెట్టకండి, మాంసం వండే గిన్నెలు, పాలకు వాడే గిన్నెలు వాళ్లకు వేర్వేరు, కలవనివ్వరు. చేరిన మొదటి రోజే ఏ గిన్నె దేనికో దగ్గరుండి చూపించమనండి.