విక్టోరియన్ మిస్టరీ రాద్దాం – 3వ పాఠం: చాకలి పద్దులో ఆధారం

పోయిన పాఠంలో మన విక్టోరియన్ కథకు, అంటే విక్టోరియా రాణి పాలించిన (1837–1901) ఇంగ్లండులో జరిగే కథకు, నేరాన్ని ఛేదించే నాయికగా ఒక వితంతువును ఎంచుకున్నాం. కారణం గుర్తుందిగా? 1882లో కొత్త చట్టం వచ్చేదాకా ఇంగ్లండులో పెళ్లయిన స్త్రీ ఆస్తి చాలావరకు భర్త చేతుల్లోనే ఉండేది. వితంతువుకు ఆ కట్టు లేదు. తన పేర ఇల్లు ఉంచుకోవచ్చు, తోడు లేకుండా నలుగురి ఇళ్లకూ వెళ్లి రావచ్చు. రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. ఆ రోజుల్లో వితంతువు అంటే మనకు చీకటి గదిలో కూర్చున్న మనిషే గుర్తొస్తుంది. ఆ బొమ్మను ఇంగ్లండుకు తీసుకెళ్లకండి. అక్కడ నల్లబట్టల మనిషిని చూసి జనం గౌరవంగా తప్పుకుంటారు. డిటెక్టివ్‌కు అంతకంటే ఏం కావాలి?

ఈ పాఠంలో ఆధారం సంగతి. కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. నాయికకు వేలిముద్రలు దొరుకుతాయి, రక్తపరీక్ష రిపోర్టు వస్తుంది, ఆమె స్కాట్లండ్ యార్డులో, అంటే లండన్ పోలీసుల్లో, ఉద్యోగం చేస్తుంది. ఇవేవీ అప్పట్లో లేవు. స్కాట్లండ్ యార్డులో వేలిముద్రల విభాగం మొదలైంది 1901లో. మరక మనిషి రక్తమా, జంతువు రక్తమా అని తేల్చే పరీక్ష కూడా ఆ ఏడాదే వచ్చింది. లండన్ పోలీసుల్లో ఆడవాళ్లు గస్తీకి దిగింది మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919లో. అందుకే మన నాయిక ఆధారం పోలీసుల దగ్గర ఉండకూడదు. వాళ్లు చూసి కూడా వదిలేసిన చోట ఉండాలి.

ఒక నిజమైన కేసు చూద్దాం. 1860 జూన్ 29 రాత్రి, విల్ట్‌షైర్ సరిహద్దులో రోడ్ అనే ఊళ్లో, కెంట్ అనే పెద్దమనిషి ఇంట్లోంచి నాలుగేళ్లు కూడా నిండని పసివాడు మాయమయ్యాడు. మర్నాడు పెరటి మరుగుదొడ్డిలో శవం దొరికింది. గొంతు కోసి ఉంది. రెండు వారాలు గడిచాక లండన్ నుంచి ఇన్‌స్పెక్టర్ జొనాథన్ విచర్ వచ్చాడు. ఆయన పట్టుకున్న తీగ ఏమిటో తెలుసా? చాకలి పద్దు.

మా అమ్మమ్మ పాత క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో రాసేది: దుప్పట్లు 2, పంచెలు 4, చీరలు 3. బట్టలు తిరిగొచ్చాక ఒక్కోదానికీ టిక్కు. కెంట్ ఇంట్లో కూడా అచ్చం అలాంటి పద్దే ఉంది. అందులో పదహారేళ్ల కూతురు కాన్‌స్టన్స్ నైట్‌గౌను ఒకటి రాసి ఉంది, బుట్టలో మాత్రం లేదు. బట్టలు ఉతికే ఆమె ఆ గౌను తన దగ్గరికి రాలేదంటుంది, ఇంటి పనిమనిషి నా చేత్తో వేశానంటుంది.

విచర్ పనిమనిషిని మళ్లీ మళ్లీ అడిగాడు. సోమవారం ఆమె బుట్ట సర్దుతుంటే కాన్‌స్టన్స్ వచ్చిందట. నా లోపావడా జేబులో పర్సు ఉందేమో చూడమంది. తర్వాత గ్లాసుడు మంచినీళ్లు తెమ్మంది. పనిమనిషి వెళ్లి వచ్చింది. మహా అయితే ఒక నిమిషం. ఆ నిమిషంలో ఆ పిల్ల తన మంచి నైట్‌గౌనును బుట్టలోంచి వెనక్కి తీసేసుకుందని విచర్ లెక్క. అప్పుడు పోయిన గౌను ఒక్కటే అవుతుంది, నింద ఉతికే ఆమె మీద పడుతుంది. రక్తమంటిన అసలు గౌను ఎప్పుడో నాశనమైందన్న సంగతి ఎవరికీ తట్టదు.

ఎంత చిన్న విషయమో చూడండి! గ్లాసుడు నీళ్లు. నేను ఎన్నిసార్లు చదివినా ఈ నిమిషం దగ్గర ఆగిపోతాను.

విచర్ నెగ్గలేదు. ఆ అమ్మాయిని అరెస్టు చేశాడు కానీ, సాక్ష్యం చాలదని మేజిస్ట్రేట్లు వదిలేశారు. పైగా ఒక పోలీసువాడు పెద్దింటి ఆడపిల్ల లోదుస్తుల లెక్క తీయడమేమిటని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. 1865లో కాన్‌స్టన్స్ తనంతట తానే నేరం ఒప్పుకుంది.

మనకు కావలసిన ముక్క ఇంకోటి ఉంది. విచర్ రాకముందే, శవం దొరికిన రోజునే, స్థానిక పోలీసులకు వంటింటి బాయిలర్ పొయ్యిలో రక్తం మరకలున్న ఆడవాళ్ల లోదుస్తు ఒకటి దొరికింది. అది నెలసరి మరక అనుకుని వాళ్ల అధికారి సిగ్గుపడిపోయి, దాన్ని పక్కన పెట్టేశాడు. విచర్‌కు కూడా చెప్పలేదు. నెలల తర్వాత ఆ సంగతి బయటపడింది.

మన నాయిక అడుగు పెట్టాల్సిన చోటు ఇదే. మగవాళ్లు సిగ్గుతో తల తిప్పుకున్న చోట ఆమె నిలబడి చూస్తుంది. ఆ మరక ఎలా ఉంటుందో, ఎలా ఉండదో ఆమెకు తెలుసు. ఏ ఇంట్లోనూ ఆడవాళ్లు అలాంటి బట్టను వంటింటి పొయ్యిలో కుక్కరనీ తెలుసు.

ఇప్పుడు రాయడం. కింది వాక్యం చూడండి.

"బుట్టలో నైట్‌గౌను లేకపోవడం ఆమెకు వింతగా తోచింది. ఇందులో ఏదో రహస్యం ఉందనుకుంది."

ఇలా రాస్తే పాఠకుడి చేతికి జవాబు ఇచ్చేసినట్టే. అదే సంఘటనను ఇలా రాసి చూద్దాం (ఆమె అంటే మన నాయిక):

పనిపిల్ల కళ్లు తుడుచుకుంది. "నా చేత్తో వేశాను మేడమ్. ఇప్పుడు జీతంలో పట్టుకుంటారట."

ఆమె పర్సు తెరవబోయింది. పిల్ల తల అడ్డంగా ఊపింది.

"డబ్బు కాదు మేడమ్. దొంగ అని రాసి పంపిస్తే నాకింకెక్కడా పని దొరకదు."

"ఆ రోజు గదిలోకి ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదు. చిన్నమ్మగారు మంచినీళ్లడిగితే తెచ్చిచ్చాను, అంతే."

"నీకు ఉత్తరం నేను రాసిస్తాను. ఏడవకు."

ఇక్కడ ఏం చేశామో గమనించండి. అప్పటి పనివాళ్లకు పాత యజమాని ఇచ్చే గుణగణాల ఉత్తరమే బతుకు. అది లేకపోతే వీధిన పడతారు. పాఠకుడి మనసు ఆ పిల్ల మీదికి పోతుంది. మంచినీళ్ల మాట ఆ కన్నీళ్ల మధ్యలోంచి జారిపోతుంది. నూట యాభై పేజీల తర్వాత మనం దాన్ని తిరిగి తెచ్చినప్పుడు, అయ్యో, నేనే చదివాను కదా అని పాఠకుడు వెనక్కి తిప్పి చూసుకోవాలి. దాచడమంటే చెప్పకపోవడం కాదు. చెప్పి, పక్కనే ఇంకా పెద్ద బాధ పెట్టడం.

ఆర్సెనిక్ అనే విషం వాడదామని మీలో కొందరికి ఉంటుంది. వాడండి, కానీ 1851 చట్టం తర్వాత మందుల షాపులో కొన్నవాళ్లు పుస్తకంలో సంతకం పెట్టాలి, ఎందుకు కొంటున్నారో రాయించాలి. 1857లో, ప్రియుడికి విషం పెట్టిందని గ్లాస్గో అమ్మాయి మడలిన్ స్మిత్ మీద ఎడిన్‌బరోలో నడిచిన కేసులో ఆ సంతకాలే కోర్టుకెక్కాయి. అది పోలీసులకు తేలిగ్గా దొరికే ఆధారం. దాన్ని వాళ్లకే వదిలేసి, తప్పుదారి పట్టించడానికి వాడుకోండి.

ఈ వారం అభ్యాసం. మంచినీళ్ల గ్లాసు మీరు వాడకూడదు. ఆ ఇంట్లోంచే ఇంకో వస్తువు తీసుకోండి. టీ పెట్టె తాళంచెవి కావచ్చు, కొవ్వొత్తుల లెక్క కావచ్చు, హాల్లో పళ్లెంలో పడున్న విజిటింగ్ కార్డు కావచ్చు. కార్డు అంచు మడిచి ఉంటే ఆ మనిషి స్వయంగా వచ్చి ఇచ్చాడని అర్థం. పనివాడితో పంపానని ఆయన తర్వాత చెబితే? అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.

ఒక్క పేజీ చాలు. ఇద్దరే మనుషులు, నాయికా, ఇంట్లో పనిచేసే ఎవరో ఒకరు. ఆ పనిమనిషికి సొంత భయం ఒకటి ఉండాలి. ఆధారం వచ్చే వాక్యం ఎనిమిది మాటలు దాటకూడదు, పేరా చివర రాకూడదు. రాశాక ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించి, ఏం గుర్తుందని అడగండి. వస్తువు పేరు ముందు చెప్పారంటే ఆ పేజీ మళ్లీ రాయండి. పనిమనిషి సంగతి ముందు చెప్పారంటే దాచి ఉంచండి, వచ్చే పాఠంలో ఆ పేజీని కరోనర్ (అనుమానాస్పద మరణాల సంగతి తేల్చే అధికారి) విచారణకు తీసుకెళ్దాం. అప్పట్లో అది చాలాసార్లు ఊరి పబ్బులోనే జరిగేది.