ఫైనైట్ ఎలిమెంట్ కోడ్‌లో మైనస్ ఎక్కడి నుంచి వచ్చింది

ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అంటే వస్తువును ఎలిమెంట్లు అనే చిన్న ముక్కలుగా విడగొట్టి సమీకరణాన్ని సాధించడం. అందులో వీక్ ఫార్మ్ (సమీకరణాన్ని ఇంటిగ్రల్‌గా మార్చి రాసే రూపం) అర్థమైంది, పార్ట్స్‌లో ఇంటిగ్రేట్ చేయడమూ వచ్చింది. కానీ కోడ్ రాస్తే జవాబు తప్పు. 1000 ఎలిమెంట్లతో రెండు రోజులు వెతికాను, ఏమీ దొరకలేదు.

చివరికి లెక్కను బాగా చిన్నది చేశాను. 0 నుంచి 1 దాకా బిగించిన తీగ, రెండు చివర్లా కదలిక సున్నా, అంతటా భారం 1, నాలుగే ఎలిమెంట్లు. కాగితం మీద చేస్తే లోపలి మూడు నోడ్‌లలో (ఎలిమెంట్లు కలిసే బిందువులలో) తీగ వంగిన దూరం 3/32, 1/8, 3/32 రావాలి. నా కోడ్ ఇచ్చింది −1/16, −3/32, −1/16. భారం ఒకవైపు వేస్తే తీగ రెండోవైపు వంగుతోంది!

అప్పుడు ఎలిమెంట్ల విలువలన్నీ చేరే మ్యాట్రిక్స్‌ని ప్రింట్ చేసి చూశాను. డయాగొనల్‌లో 8 ఉండాల్సిన ప్రతిచోటా 4 ఉంది. రెండు ఎలిమెంట్లు పంచుకునే నోడ్ దగ్గర, రెండో ఎలిమెంట్ విలువను మొదటిదానికి కూడకుండా దాని మీదే రాసేశాను. డయాగొనల్ ఇలా సగమవడం వల్లే జవాబులో మైనస్ వచ్చింది. లోడ్ వెక్టర్‌లోనూ (ఒక్కో నోడ్ మీద పడే భారాల జాబితా) అదే పొరపాటు: 1/4 బదులు 1/8.

ఎందుకు కూడాలో కూడా అప్పుడే నిజంగా తెలిసింది. ఆ నోడ్‌కి చెందిన టోపీ ఆకారపు ఫంక్షన్ (నోడ్ దగ్గర 1, పక్క నోడ్‌లకి చేరేసరికి 0) రెండు ఎలిమెంట్ల మీదా పరచుకుని ఉంటుంది. దాని ఇంటిగ్రల్ అంటే రెండు ముక్కల మొత్తమే కదా. పుస్తకంలో 'అసెంబ్లీ' అని ఒక్క వాక్యంలో దాటేసే విషయమిది, నాకైతే ఇదే ఈ పద్ధతికి గుండెకాయ అనిపిస్తుంది.

రెండు లైన్లు మార్చాను, మూడు విలువలూ సరిపోయాయి. ఇప్పుడు 2డీకి వెళ్లినా ముందు చేత్తో చేయగలిగినంత చిన్న మెష్‌తోనే (ఎలిమెంట్ల వలతోనే) మొదలుపెడుతున్నాను.