బేరియాట్రిక్ సర్జరీ తర్వాత పరుగు, 6వ పాఠం: ముందు గుక్క లెక్క, తర్వాతే అడుగు లెక్క

బేరియాట్రిక్ అంటే బరువు తగ్గడానికి కడుపు చిన్నది చేసే సర్జరీ, ఈ పాఠాలు అది అయినవాళ్లకి. ఈ పాఠంలో రెండు నిమిషాల పరుగులోకి వెళ్దామనుకున్నాం. వెళ్లడం లేదు. ఐదో పాఠంలో ‘ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఎనిమిది విడతలు’ అని ఇచ్చాను. చేసినవాళ్లలో ఎక్కువమందికి కాళ్లు బాగానే ఆడాయి, కడుపే మొరాయించింది. నాలుగో విడతకి కళ్లు తిరగడం, రొమ్ము ఎముక వెనక ఏదో అడ్డుపడ్డట్టు నొప్పి, నోట్లో నురగలాంటి ఉమ్మి, ఇంటికొచ్చాక గుండెదడ, విరేచనం. ఇందులో సగం తప్పు నాదే. ‘బయల్దేరే ముందు నీళ్లు బాగా తాగండి’ అని ఒక్క ముక్కలో తేల్చేశాను. అది మామూలు కడుపున్నవాళ్లకి చెప్పే మాట.

మీ కడుపు కొలత ఒకసారి గుర్తు చేసుకోండి. ఈ సర్జరీలో స్లీవ్ అనే రకం చేయించుకున్నవాళ్లకి కడుపులో ముప్పావు వంతుకి పైగా తీసేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో సన్నటి గొట్టం, మొదట్లో 100 నుంచి 150 మి.లీ. పడుతుంది. బైపాస్ అయితే (గుండెది కాదు, కడుపుది; పైన చిన్న సంచి మిగిల్చి నేరుగా చిన్నపేగుకి కలుపుతారు) ఆ సంచి సుమారు 30 మి.లీ. మాత్రమే. నెలలు గడిచేకొద్దీ కొంచెం సాగుతుంది గానీ, పాత కడుపు మాత్రం తిరిగి రాదు. అందులోకి అర లీటరు సీసా ఎత్తి గటగటా పోసి, ఆ వెంటనే గెంతితే నీళ్లు కిందికి పోవు, పైకి తంతాయి. స్లీవ్ గొట్టంలో ఒత్తిడి అసలే ఎక్కువ. ఆ రొమ్ము నొప్పి చాలామందికి అందుకే వచ్చింది. అయితే నొప్పి చేతికో దవడకో పాకినా, ఊపిరి అందకపోయినా ఈ పాఠం పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి.

సర్జరీ అయి మూడు నెలలు దాటి, సర్జన్ పరుగుకి సరేనని, ఆగకుండా 45 నిమిషాలు చురుగ్గా నడవగలిగినవాళ్లకే ఇదంతా. బూట్లు, వార్మప్, స్ట్రెచింగ్ సంగతి మళ్లీ చెప్పను. బరువు తగ్గాక పాదం కూడా తగ్గుతుంది, పాత బూటు వదులైతే మార్చండి, అంతే.

ముందు మీ గుక్క ఎంతో తెలియాలి. స్టీలు గ్లాసులో సరిగ్గా 100 మి.లీ. పోయండి. కొలపాత్ర లేకపోతే పిల్లల సిరప్ సీసా మూత మీద గీతలుంటాయి, 10 మి.లీ. గీత దాకా పదిసార్లు. మామూలుగా తాగుతూ ఎన్ని గుక్కలకి అయిపోయిందో లెక్కపెట్టండి. నాలుగైతే మీ గుక్క 25 మి.లీ. ఇక అన్నీ ఆ లెక్కలోనే: పది నిమిషాలకి 60 మి.లీ.తో మొదలుపెట్టండి, అంటే రెండు గుక్కలు, కొంచెం ఎక్కువ. ఎక్కిళ్లు గానీ నురగ ఉమ్మి గానీ వస్తే 40కి దిగండి. నాలుగు రోజులు ఏ ఇబ్బందీ లేకపోతే 80కి ఎక్కండి.

ఇప్పుడు చెమట లెక్క. పరుగుకి ముందు, తర్వాత, ఒకే రకం పొడి బట్టల్లో బరువు చూసుకోండి. వెళ్లేముందు 86.4, వచ్చాక 85.9 ఉంటే అర లీటరు పోయినట్టు. విజయవాడలో మే నెల ఉదయం అరగంటకి ఇది మామూలే. పది నిమిషాలకి 60 అంటే గంటకి 360 మి.లీ., కాబట్టి ఆ అర లీటరు తిరిగి పోయడానికి దాదాపు గంటన్నర. మధ్యలో టిఫిన్ వస్తుంది. తినే ముందు అరగంట, తిన్నాక అరగంట నీళ్లు లేవు కాబట్టి అది రెండున్నర గంటలకి సాగుతుంది. ఈ లెక్క చేసి చూస్తేనే అసలు సంగతి బోధపడుతుంది. రేపు ఉదయం పరుగుకి నీళ్లు ఇవాళ మధ్యాహ్నం తాగాలి. ఉదయం ఆరింటికి కళ్లు తిరిగినవాళ్లు ముందురోజు ఆఫీసులో పదింటి నుంచి ఒంటిగంట దాకా ఎంత తాగారో చూసుకుంటే, చాలామందికి ఒక చాయ్ తప్ప ఏమీ కనబడదు. రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్లు గుక్కల్లో దిగాలంటే, ఫోన్‌లో పది నిమిషాలకో అలారం పెట్టుకోవడం తప్ప మార్గం లేదు. మూత్రం రంగు చూసి తెలుసుకుందామనుకుంటే, మల్టీవిటమిన్ మాత్ర వేసుకున్న కొన్ని గంటలు అది ఎలాగూ పసుప్పచ్చగా మెరుస్తుంది. మాత్రకి ముందు చూడండి.

ఆరింటి పరుగుకి నేను ఇష్టపడే పద్ధతి ఇది. అయిదింటికి లేచి, అయిదుంపావు నుంచి అయిదూ నలభై అయిదు దాకా 180 మి.లీ. పల్చటి మజ్జిగ, చిటికెడు ఉప్పుతో, గుక్కగుక్కగా. పెరుగు ఒక వంతు, నీళ్లు నాలుగు వంతులు. పాలు వద్దంటాను, సర్జరీ తర్వాత కొందరికి పాలు అరగవు, మజ్జిగ ఇబ్బంది పెట్టడం తక్కువ. చివరి పావుగంట ఏమీ తాగకండి. పరుగు మధ్య రెండు నిమిషాల నడకలో మొదటి నిమిషం సీసా ముట్టుకోకండి, ఆయాసంతో తాగితే నీళ్లకన్నా గాలి ఎక్కువ మింగుతారు. రెండో నిమిషంలో ఒక్క గుక్క. అయిపోయాక గేటు దగ్గర బెంచీ కనబడగానే కూలబడొద్దు. పరుగు ఆపగానే రక్తం కాళ్లలోనే నిలిచిపోయి తల తేలిపోతుంది. మరో పది నిమిషాలు నడవండి. సాయంత్రం పరుగెత్తేవాళ్లు గట్టి తిండికీ పరుగుకీ మధ్య రెండు గంటలు వదలండి. నాలుగున్నర టిఫిన్, అయిదింటి పరుగు కుదరదు.

ఇక నాకు ఒళ్లు మండే సంగతి: గ్లూకోజు.

కళ్లు తిరగ్గానే ఇంట్లోవాళ్లు చేసే మొదటి పని గ్లాసు నీళ్లలో పెద్ద చెంచాతో రెండు చెంచాల గ్లూకోజు పొడి కలిపి ఇవ్వడం. ‘నీరసం’ అన్న మాటకి మన ఇళ్లలో అదే మందు. ఆ గ్లాసులో 25 నుంచి 30 గ్రాముల చక్కెర ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్‌ఎస్‌లో లీటరు మొత్తానికి గ్లూకోజు 13.5 గ్రాములే. ఆ లీటరులో ఉండేదానికి రెట్టింపు, ఒక్క గ్లాసులో. బైపాస్‌లో ఇది పైసంచిలో ఆగకుండా నేరుగా చిన్నపేగులో పడుతుంది. చిక్కటి చక్కెర ఒంట్లో నీటిని పేగులోకి లాగేస్తుంది. చెమటతో ఇప్పటికే తగ్గిన రక్తం పరిమాణం ఇంకా తగ్గుతుంది. పది నుంచి ముప్పై నిమిషాల్లో దడ, చెమట, కడుపులో మెలి, విరేచనం, మళ్లీ కళ్లు తిరగడం. దీన్నే డంపింగ్ అంటారు. స్లీవ్ వాళ్లకి తక్కువగా వస్తుంది, అసలు రాదనుకోకండి.

విసుగు పుట్టించేది ఆ తర్వాత జరిగేది. ఆ లక్షణాలన్నీ చూడ్డానికి అచ్చం నీరసంలాగే ఉంటాయి. దాంతో ‘ఇంకా తగ్గలేదు’ అని రెండో గ్లాసు కలుపుతారు. గంట నుంచి మూడు గంటల్లో రెండో దెబ్బ: అంత చక్కెర ఒక్కసారిగా ఎక్కినందుకు ఇన్సులిన్ ఎక్కువగా ఊరి, షుగర్ నిజంగానే కిందికి పడిపోతుంది. చేతులు వణుకు, చెమటలు, మబ్బు. అప్పుడు మూడో గ్లాసు. ఇంతా చేసి నింద పరుగు మీద పడుతుంది.

చెరుకురసం, డబ్బా జ్యూసులు, పరుగు పోటీల్లో ఇచ్చే ఎనర్జీ జెల్ అన్నీ ఇదే కోవ. చెరుకురసం గ్లాసుకి 30 గ్రాములకి పైనే. సోడా, కూల్‌డ్రింకుల్లో చక్కెరకి తోడు గ్యాసు. లేత బొండం నీళ్లు పరవాలేదు, కాకపోతే స్ట్రా పెట్టి బొండం మొత్తం లాగేయకుండా సీసాలో పోసుకుని గుక్కల్లో తాగండి. ఓఆర్‌ఎస్ కావాలంటే లీటరులో కలిపే పొడి ప్యాకెట్టు కొని, సరిగ్గా లీటరులోనే కలపండి. దుకాణంలో తాగడానికి సిద్ధంగా దొరికే తియ్యటి డబ్బాలు వేరు. హైదరాబాద్‌కి చెందిన ఒక పిల్లల డాక్టరు వీటి మీద ఏళ్ల తరబడి పోరాడాక, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని పానీయాల పేర్లలో ‘ఓఆర్‌ఎస్’ అన్న మాటే ఉండకూడదని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. పేరు మారినా లోపలి చక్కెర మారదు. డబ్బా వెనక 100 మి.లీ.కి ఎన్ని గ్రాములో చదవండి. అసలు ఓఆర్‌ఎస్ లెక్కలో అది 1.35.

అలాగని గ్లూకోజు ఇంట్లోంచి పారేయమనడం లేదు. వేలికి గుచ్చి చూస్తే షుగర్ మీటరులో 70 కన్నా తక్కువ ఉంటే అప్పుడది మందు. 10 నుంచి 15 గ్రాములు, అంటే చిన్న చెంచాతో మూడు, కొంచెం నీళ్లలో. పావుగంట తర్వాత మళ్లీ మీటరు. 70 దాటాక ఉడికించిన గుడ్డో, గుప్పెడు ఉడికిన శనగలో తినండి, లేకపోతే మళ్లీ పడుతుంది. స్పృహ మసకబారితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మీటరు చూడకుండా గ్లూకోజు లేదు. నా పాఠాల్లో ఇదొక్కటే నిబంధన అనుకోండి.

కళ్లు తిరగడానికి ఇంకో కారణం బీపీ మాత్ర. 110 కిలోలప్పుడు రాసిన మోతాదు 84 కిలోల ఒంటికి ఎక్కువైపోవచ్చు. అయిదు నిమిషాలు వెల్లకిలా పడుకుని బీపీ చూడండి, లేచి నిలబడి ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే ఆ మూడు రీడింగులూ రాసి డాక్టరుకి చూపించండి. మాత్ర మీరే ఆపేయొద్దు. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు ఇంకా వాడుతున్నవాళ్లు డాక్టరుని అడగకుండా తర్వాతి పరుగుకే వెళ్లొద్దు.

మోకాలి కింద ముందువైపు ఎముక నొప్పి అని కొందరు రాశారు. బొటనవేలితో ఎముక వెంబడి నొక్కుతూ రండి. అరచేయంత మేర సలుపుంటే వారం తగ్గించి పరుగెత్తితే పోతుంది. ఒక్క వేలికొస మోపినంత చోటే చురుక్కుమంటే ఎముకలో సన్న చీలిక కావచ్చు. పరుగు ఆపి చూపించుకోండి, మొదటి వారాల్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కూడా. సర్జరీ తర్వాత ఎముకల సాంద్రత తగ్గుతుంది, కాల్షియం సిట్రేట్ మానేసినవాళ్లకి ఇంకా ఎక్కువగా. కాల్షియం, ఐరన్ మాత్రల మధ్య రెండు గంటలు ఉండాలి. నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవి ముట్టుకోవద్దు. కాంబిఫ్లామ్‌లో ఇబుప్రోఫెన్, వోవెరాన్‌లో డైక్లోఫెనాక్ ఉంటాయి. బైపాస్ అతుకు దగ్గర పుండు పడుతుంది. జీరోడాల్-పిలో ‘పి’ అంటే పారాసిటమాలే గానీ, ముందున్న జీరోడాల్ అసిక్లోఫెనాక్. ఒట్టి పారాసిటమాల్ అడగండి.

అభ్యాసం. ఈసారి బరువైనదే. పది రోజులు, ఒక నోటు పుస్తకం. మొదటి రోజు గుక్క కొలత, రెండో రోజు బీపీ పరీక్ష. మూడో రోజు నుంచి రోజూ గంటగంటకీ తాగిన మి.లీ., తిన్న ప్రొటీన్ గ్రాములు రాయాలి, రోజుకి 60 తగ్గకూడదు. గుడ్డుకి 6 వేసుకోండి. పరుగు నాలుగు, ఏడు, పది రోజుల్లో మాత్రమే, నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఎనిమిది కాదు ఆరు విడతలు. పక్కన నడిచేవాళ్లు మిమ్మల్ని దాటిపోయేంత నెమ్మదిగా. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు లాంటి ఎత్తుపల్లాల దారి వద్దు, నెక్లెస్ రోడ్డు లాంటి చదును చాలు. ప్రతిసారీ ముందు, తర్వాత బరువు. వదులు చర్మం ఒరుసుకునే చోట వాసెలిన్ రాయండి. పదో రోజు పరుగులో ఆరు విడతలూ కళ్లు తిరగకుండా అయి, ముందురోజు నీళ్లు లీటరున్నర దాటి ఉంటేనే ఏడో పాఠం తెరవండి. లేకపోతే మళ్లీ మూడో రోజు నుంచి.