భీమిలి డచ్ సమాధుల మీద రాతలు చదవాలంటే
ఫ్రెండ్స్‌తో వైజాగ్ నుంచి భీమిలి వెళితే బీచ్ చూసి వచ్చేయకండి, అక్కడి పాత డచ్ శ్మశానంలోకీ వెళ్లండి. 1825లో డచ్ వాళ్లు ఊరిని ఇంగ్లిషువాళ్లకు అప్పగించారు గానీ, ఎక్కడో పుట్టి ఇక్కడ పోయినవాళ్లు మాత్రం ఇక్కడే ఉండిపోయారు, వాళ్ల పేర్లు చదివేవాళ్లు ఎవరైనా ఉండాలి కదా. అక్షరాలు అరిగిపోయి మామూలుగా చూస్తే అంతుపట్టవు. సుద్దముక్కో పసుపో దయచేసి రుద్దకండి, రాయి పాడవుతుంది. ఫోన్ టార్చి ఎదురుగా కొట్టకుండా, రాయి అంచు దగ్గర పక్కనుంచి దాదాపు ఆనించినట్టు పట్టుకోండి, గాట్లలో నీడ పడి అంకెలు, పేర్లు ఒక్కొక్కటే తేలతాయి. ఎండగా ఉంటే ఒకరు గొడుగు అడ్డం పట్టాలి, ఇంకొకరు ఫొటో తీయాలి. గడ్డి పెరిగి ఉంటే బూట్లు తప్పనిసరి, కర్రతో ముందు తట్టుకుంటూ నడవండి, పాములుండొచ్చు.