టీడీఎస్ మీటరుకు దండం పెట్టకుండా నీళ్ళు పరీక్షించడం ఎట్ల?

నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు పళ్ళు, ఎముకలు పాడు చేసే ఫ్లోరైడ్ నీళ్ళ ముచ్చట వస్తే జేబులోంచి టీడీఎస్ (నీళ్ళలో కరిగిన మొత్తం లవణాలు) మీటరు తీసేవాళ్ళు ఎక్కువైండ్రు. క్యాన్‌లో ముంచుతరు, 80 అని పడుతది. ‘సైన్సే చెప్తుంది గదా’ అంటరు. తాయెత్తును నమ్మినట్టే ఈ మీటరునూ నమ్ముతున్నం. ఆ అంకె దేని లెక్క అని ఎవరూ అడగరు.

మీటరు చూసేది నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందనే. దాన్ని లీటరుకు మిల్లీగ్రాముల్లోకి మార్చి చూపిస్తది. అది ఏ లవణమో దానికి తెలియదు. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు టీడీఎస్ 500 మి.గ్రా., ఫ్లోరైడ్ 1 మి.గ్రా. దాటొద్దు; వేరే నీటి వనరు లేకుంటే ఫ్లోరైడ్ 1.5 దాకా. చవక మీటరులో 2 శాతం తేడా మామూలే. అంటే 500 దగ్గర 10 మి.గ్రా. అటూ ఇటూ. మనకు కావలసిన ఒకటిన్నర మి.గ్రా. ఫ్లోరైడ్ లెక్క అందులోనే మునిగిపోతది.

ఇది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. లీటరు ఆర్వో నీళ్ళలో అర గ్రాము ఉప్పు, అంటే టీ చెంచాలో పదో వంతు, కలపండి. అంకె 500కు పైగా ఎక్కుతది. ఫ్లోరైడ్ రవ్వంత కూడా పెరగలేదు. ఇటు తిప్పి చూడండి: 6 మి.గ్రా. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళు రుచి కోసం ఆర్వో నీళ్ళలో ఐదో వంతు కలిపితే, ఆ వాటాతోనే 1.2 వస్తది. మీటరు మాత్రం ‘బాగుంది’ అనే చూపెట్టొచ్చు. ఇంకో తమాషా, నల్లగొండ పేరుతోనే జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) తెచ్చిన పటిక–సున్నం పద్ధతిలో ఫ్లోరైడ్ తగ్గుతది, టీడీఎస్ మాత్రం పెరుగుతది. మీటరు మాట వింటే మంచి నీళ్ళనే పారబోస్తం.

మీటరు పనికిరాదని కాదు. ప్లాంటులోకి పోయే నీళ్ళు 1000, బయటికొచ్చేవి 100 ఉంటే మెంబ్రేన్ (లవణాలను ఆపే ఆర్వో పొర) పనిచేస్తున్నట్టు. బయటి అంకె నెలనెలా పెరుగుతుంటే మెంబ్రేన్ అరిగిందో, బోరు నీళ్ళు కలిపే మిక్సింగ్ వాల్వ్ ఎక్కువ తెరిచిండ్రో చూడాలె.

ఫ్లోరైడ్‌కు రంగు మారే కిట్ తీసుకోండి. దాన్ని కూడా గుడ్డిగా నమ్మొద్దు.

ముందుగాల కాగితం మీద రాయండి: ‘ఫ్లోరైడ్ 1.5 దాటితే ఈ నీళ్ళు తాగుడు మానేస్తం.’ ఫలితం చూసినంక రాస్తే సాకులు దొరుకుతయి. ఆ తర్వాత కడిగిన ప్లాస్టిక్ సీసాలు ఐదు తీసుకోండి. ఒకదాంట్ల లవణాలు లేని బ్యాటరీ వాటర్, ఇంకోదాంట్ల లీటరుకు సరిగ్గా 1 మి.గ్రా. ఫ్లోరైడ్ ఉందని తెలిసిన ద్రావణం, మూడో దాంట్ల బోరు నీళ్ళు, మిగతా రెండింట్లో ఒకే ప్లాంటు నీళ్ళు. తెలిసిన ద్రావణం కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో చేయించుకోవాలె: 0.221 గ్రాముల సోడియం ఫ్లోరైడ్ లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, అందులోంచి 10 మి.లీ. మళ్ళీ లీటరుకు పెంచితే సరి. ఆ పొడి విషం, ఇంట్ల ముట్టొద్దు.

సీసాల మీద అ, ఆ, ఇ, ఈ, ఉ అని ఒకరు రాయాలె, రంగు ఇంకొకరు చూడాలె. ప్లాంటు ఓనరు పక్కనుంటే చూసేవాని కన్ను అటే లాగుతది. అన్ని సీసాలు ఒకే వేడిమిలో, పగటి వెలుతురులో, కిట్ మీద రాసిన కొలతతోనే. బ్యాటరీ వాటర్ సున్నా చూపకున్నా, తెలిసిన ద్రావణం 1 చూపకున్నా, ఒకే నీళ్ళున్న రెండు సీసాలకు రెండు రంగులొచ్చినా ఆ రోజు లెక్క పక్కన పెట్టి, కిట్‌లోని మందు గడువు చూసుకోండి.

ఎక్కువగా తప్పేది రెండు చోట్ల. ఫ్లోరైడ్‌కు రంగు వెలిసే కిట్‌లో క్లోరిన్ ఉన్నా రంగు వెలుస్తది, ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తది. నీళ్ళు రాత్రంతా మూత తీసి పెడితే క్లోరిన్ చాలావరకు పోతది. పటిక కలిపిన నీళ్ళలో మిగిలిన అల్యూమినియం ఉంటే తక్కువ చూపిస్తది. ఇది ప్రమాదం, ఎందుకంటే సంతోషపడి ఊరుకుంటం. అట్లాంటి నీళ్ళు ఫ్లోరైడ్‌ను నేరుగా కొలిచే అయాన్ ఎలక్ట్రోడ్ ఉన్న ల్యాబులోనే చూపించాలె. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడతది.

ఒక్కసారి చేసి ఊరుకోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో బోరులో నీళ్ళు అడుగుకు పోయినప్పుడు ఒకసారి, వానలు పడ్డంక ఇంకోసారి అదే బోరు, అదే కిట్‌తో చూసి తేదీ వేసి రాసుకోండి.