పాత ట్రాక్టర్ ఆయిల్ ప్రెషర్ పరీక్షకు ముందు జాగ్రత్తలు

ప్రెషర్ ముల్లు పడిపోయినా, ఎర్ర దీపం వెలిగినా ఇంజన్‌ను వెంటనే ఆపాలి. ఈ సాలు పూర్తయ్యేదాకా అని నడిపితే క్రాంక్ షాఫ్ట్ బేరింగులు కాలిపోవచ్చు.

బండిని చదునైన నేలపై నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, ఆయిల్ కిందికి దిగేందుకు కొన్ని నిమిషాలు ఆగిన తర్వాతే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే కడ్డీ) చూడాలి. ఆయిల్ డీజిల్ వాసన వేసినా, పాలలా తెల్లబారినా ఇంజన్‌ను మళ్లీ స్టార్ట్ చేయకూడదు.

ఇంజన్ విప్పించే ముందు, డ్యాష్‌బోర్డులోని పాత మీటరునే నమ్ముకోకుండా, మర (థ్రెడ్) సరిగ్గా సరిపోయే మెకానికల్ గేజ్‌తో ప్రెషర్ కొలిపించడం అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే లోపం ఒక్కోసారి సెన్సర్‌లోనో దాని వైరులోనో ఉంటుంది. గేజ్ బిగించేందుకు సెన్సర్‌ను ఇంజన్ ఆపిన తర్వాతే, వేడి ఆయిల్ చేతిపై పడకుండా విప్పాలి. గేజ్ గొట్టం సైలెన్సర్‌కు గానీ ఫ్యాన్ బెల్టుకు గానీ తగలకూడదు. ఫ్యాన్‌లో చిక్కుకోకుండా భుజంపై తువ్వాలు తీసేయాలి. పొగ బయటకు పోయేలా షెడ్డు తలుపులు తెరిచి ఉంచాలి.