కెడైనియై, 1655: లిథువేనియా ప్రభువుల చీలికపై సెమినార్ పత్రం రాసే విధానం

తిరుపతిలో చరిత్ర ఎం.ఏ. చదువుతూ యూరప్ యుద్ధాలపై సెమినార్ పత్రం రాయదలచినవారికి, 1655లో లిథువేనియా ప్రభువులు స్వీడన్ పక్షం చేరిన ఘట్టం మంచి అంశం. అయితే ఆ ప్రభువులకు నాయకత్వం వహించిన సేనాని గురించి "యానుష్ రాద్జివిల్ ద్రోహియా, దేశభక్తుడా?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. ఏ తేదీన సైన్యం ఎవరి చేతిలో ఉంది, దానికి జీతం ఎక్కడినుంచి వస్తోంది అన్నది ముందు తేల్చుకోండి.

మొదట రాజ్యవ్యవస్థను నాలుగు వాక్యాల్లో చెప్పండి. అంతకు మించి అక్కర్లేదు. 1569 నాటి లూబ్లిన్ ఒప్పందంతో పోలండ్, లిథువేనియాలకు రాజు, శాసనసభ ఉమ్మడి అయినా, సైన్యమూ ఖజానా వేరుగానే ఉండేవి. 1654లో రాజు యాన్ కాజిమిర్ రాద్జివిల్‌కు మహా హెట్మాన్ పదవి, అంటే సర్వసేనాని హోదా, ఇస్తూనే, రెండో సేనాని పదవిని తన పక్షపువాడైన గొషెవ్‌స్కీకి కట్టబెట్టాడు. చీలిక బీజం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

తరువాత తేదీల పట్టిక వేయండి. ఎక్కువ శ్రద్ధ దీనిపైనే పెట్టాలి. 1654లో రష్యా దండెత్తింది, ఆ ఏడాదే సరిహద్దు కోట నగరం స్మోలెన్‌స్క్ పడిపోయింది. 1655 వేసవిలో స్వీడన్ రాజు పదో చార్లెస్ పోలండ్‌లో ప్రవేశించాడు. ఆగస్టు 8న రాజధాని విల్నియస్ రష్యా వశమైంది. తొమ్మిది రోజులకే, ఆగస్టు 17న, లిథువేనియా పట్టణం కెడైనియైలో స్వీడన్ రక్షణ కోరుతూ తొలి ఒప్పందం జరిగింది. రష్యా, స్వీడన్ పత్రాల్లో తేదీలు పాత (జూలియన్) పంచాంగం ప్రకారం పది రోజులు వెనకగా ఉంటాయి కాబట్టి, అన్నిటినీ ఒకే లెక్కలోకి మార్చకపోతే కారణమూ ఫలితమూ తారుమారవుతాయి.

అక్టోబరు 20 నాటి రెండో పత్రాన్ని మొదటిదానితో కలిపేయవద్దు. ఇది పోలండ్‌తో బంధం తెంచి, చార్లెస్‌ను మహా డ్యూక్‌గా, అంటే లిథువేనియా పాలకుడిగా, అంగీకరించింది. దీనిపై వెయ్యికి పైబడి సంతకాలున్నాయి. రాద్జివిల్ కాల్వినిస్టు (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖవాడు) కనుక మతమే కారణమనడం తేలిక, కానీ సంతకాలు చేసినవారిలో కాథలిక్కులూ ఉన్నారు.

పోలిక కావాలంటే దూరం వెళ్లనవసరం లేదు. 1614లో వెంకటపతిరాయలు మరణించాక చంద్రగిరి రాజ్యంలో గొబ్బూరి జగ్గరాయలు, యాచమ నాయకుడు చెరొక వారసుణ్ణి పట్టుకుని పోరాడారు. అక్కడ తగాదా సింహాసనం ఎవరిదన్నది. లిథువేనియాలో మాత్రం బతికున్న రాజును వదిలి మరొక రాజును వరించే హక్కు ప్రభువులకు ఉందా అన్నది.

చివరగా వ్యతిరేకుల వైపు చూడండి. సైనికులు ప్రమాణం చేసి ఒక లక్ష్యానికి కట్టుబడే కూటమిని "కాన్ఫెడరేషన్" అనేవారు. అలాంటిదే రాద్జివిల్‌ను ధిక్కరించింది. ఒప్పందాన్ని ఎదిరించిన గొషెవ్‌స్కీని రాద్జివిల్ నిర్బంధించాడు. డిసెంబరు 31న రాద్జివిల్ టికోచిన్ కోటలో మరణించగా, మహా హెట్మాన్ పదవి రాజపక్షానికి చెందిన పావెల్ సపియెహాకు దక్కింది. 1656 వసంతంలో పశ్చిమ లిథువేనియాలోని జెమైతియా ప్రజలు స్వీడన్ దళాలపై తిరగబడ్డారు. పత్రాన్ని ఇక్కడితో ఆపక, 1662 దాకా తీసుకెళ్లండి: ఆ ఏడాది జీతం బకాయిలకోసం కూటమి కట్టిన లిథువేనియా సైనికులే, రాజుకు విధేయుడిగా నిలిచిన గొషెవ్‌స్కీని చంపేశారు.